కారు తలుపుల్లోని పాట

“నువ్వు కారులోనే కూర్చో, పది నిమిషాల పని,” అన్నారు మా ఆయన.

మార్కాపురంలో మా ఆడబిడ్డ కూతురి సీమంతం చూసుకుని గిద్దలూరు తిరిగి వెళ్తున్నాం. కంభం రోడ్డులో, కార్లకు స్పీకర్లు బిగించే దుకాణం ముందు బండి ఆపారు. వైశాఖం ఎండ. పది నిమిషాలు ఇరవై అయ్యాయి. పట్టుచీర ఒంటికి అంటుకుపోతుంటే తలుపు తీసుకుని నేనూ లోపలికి వెళ్లాను. ఎవరూ పిలవకుండా నేనొక దుకాణం మెట్టెక్కడం అదే మొదలేమో. ఇరవై ఆరేళ్లుగా దుకాణం వెనకే కాపురం చేస్తున్నదాన్ని. ముందు మా ఇనుప సామాన్ల షాపు, వెనక ఇల్లు, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపులోంచి రోజుకు ఆరుసార్లు టీలు బయటికి వెళ్తాయి, ఖాళీ గ్లాసులు లోపలికి వస్తాయి. నేను మాత్రం ఆ గడప దాటను. “గిరాకీలు ఉంటారు, నువ్వెందుకు?” అని పెళ్లైన కొత్తలో మా ఆయన అన్న మాట ఇప్పటికీ ఎవరూ రద్దు చేయలేదు.

దుకాణదారు పేరు కొండలరావు. యాభై ఏళ్లుంటాయి, చెవి మీద పెన్సిలులా చిన్న స్క్రూడ్రైవరు పెట్టుకున్నాడు. గోడకు కొట్టిన చెక్క మీద మూడు జతల స్పీకర్లు బిగించి ఉన్నాయి.

“బాగా అదరాలయ్యా,” అంటున్నారు మా ఆయన. “మన బండి వస్తాంటే బజారంతా తెలియాల. ఆ పెద్ద డబ్బా మీద ఏందో వెయ్యి వాట్లని రాసుందే, అది పెట్టు.”

“పెట్టె మీది అంకె చూడొద్దన్నా,” అన్నాడు కొండలరావు. “అది ఒక్క క్షణం అరిచే అరుపు. అలవకుండా గంటసేపు ఎంత ఇస్తదో అది చూసుకోవాల యాంప్లిఫయర్‌కి. ఇదో, ఈ చిన్నది చూడండి. అరవదు. కానీ పొద్దస్తమానం పనిచేస్తది.”

నాకు నవ్వొచ్చింది. ఆ లెక్కన మా ఇంట్లో ఎవరు ఎన్ని వాట్లో నాకు చటుక్కున తెలిసిపోయింది.

అంతలో మా ఆయనకు ఫోనొచ్చింది. మాట్లాడుతూ రోడ్డు మీదికి వెళ్లారు. కొండలరావు నా వైపు తిరిగి, “అక్కా, మీరు ఇని చెప్పండి, ఏది బాగుందో,” అన్నాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

అతను పెట్టిన పాట నాకు కొత్తది కాదు. నేను పదో తరగతిలో ఉన్నప్పటి సినిమాలోది, వర్షం మీద పాట. నోటికి వచ్చు. కానీ మొదటి జతలో ఆ పాట గుండెల మీద గుద్దింది, మాటలు దెబ్బల కింద నలిగిపోయాయి. రెండో జతలో “స” అన్నచోటల్లా తడి గరిటె నూనెలో పెట్టినట్టు చిటపటమంది. ఆ మాటే చెప్పాను. కొండలరావు నన్ను వింతగా చూసి మూడో జత పెట్టాడు.

ఆమె ఊపిరి తీసుకుంది.

పాట మొదలు కాకముందే, పాడే మనిషి ఊపిరి తీసుకుంది. నాకు రెండు చేతుల మీదా రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఎన్ని వందల సార్లు విన్నాను ఈ పాట! ఈ ఊపిరి ఎక్కడుండేది? ఆమె మాట చివర గొంతు కొంచెం వణికింది. ఆ వణుకు కింద ఎవరో ఒక్క వయొలిన్ మీద, తనెవరికీ వినపడనని తెలిసినంత మెల్లగా, ఆమెకు బదులు చెబుతున్నారు. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉండి చెబుతున్నారు. నేనే వినలేదు. ఎలా వింటాను? ఆ పాట హాల్లో మోగుతుంటే నేను వంటింట్లో ఉన్నాను. టీవీలో వస్తుంటే పెరట్లో గిన్నెల దగ్గర ఉన్నాను. మొదటి చరణంలో కుక్కరు కూత, పల్లవిలో మిక్సీ, ఇంకోచోట “భ్రమరా, మంచినీళ్లు” అన్న పిలుపు. నాకు వచ్చిన పాటల్లో ఇవన్నీ కలిసిపోయి ఉన్నాయి. జీవితమంతా నేను పాటల్ని వీపుతోనే విన్నాను. వాటికి ఎదురుగా కూర్చుని ముఖం పెట్టి వినడం అదే మొదటిసారి.

“ఇది,” అన్నాను.

మా ఆయన లోపలికి వచ్చి సంగతి విని, “ఆమెనడుగుతావేందయ్యా, ఆమెకేం తెలుసు?” అని నవ్వారు. “ఆ పెద్ద డబ్బానే పెట్టు.”

“పెడతా అన్నా. అయితే డిక్కీ అంతా అదే తింటది. షాపు సరుకు ఏసుకునేదానికి జాగా ఉండదు మరి.”

మా ఆయన కాసేపు ఆలోచించి, “అట్లయితే ఈమె చెప్పినవే పెట్టు,” అన్నారు. నా మాట నెగ్గింది డిక్కీ వల్ల. అయినా నెగ్గింది.

బిగించడానికి మూడు గంటలు పట్టింది. నాలుగు తలుపుల్లో స్పీకర్లు, ముందు సీటు కింద చిన్న యాంప్లిఫయర్. అయ్యాక ముగ్గురం కారులో కూర్చుని తలుపులు మూశాం. పాట మొదలైంది. “అదిరిపోయింది!” అన్నారు మా ఆయన. నేను వెనక సీట్లోంచి ఉండబట్టలేక అన్నాను.

“ఆమె లేదు.”

“ఎవరు?”

“పాడే మనిషి. అక్కడ గోడ మీద ఇన్నప్పుడు ఎదురుగా నిలబడి పాడినట్టుండె. ఇక్కడ చెల్లాచెదురై పోయింది. బరువు కూడా లేదు గొంతులో.”

“మొదలుపెట్టినావా! మూడు గంటలు ఎండలో కూర్చున్నది చాల్లే, పదపద,” అన్నారు మా ఆయన తాళం తిప్పుతూ.

కానీ కొండలరావు దిగి, ఎడమ తలుపు అట్ట ఊడదీశాడు. వంగి చూసి, నాలుక కరుచుకున్నాడు. “ప్లస్సు, మైనస్సు తారుమారైనాయన్నా. ఒక స్పీకరు ముందుకు నెడతాంటే ఇంకోటి వెనక్కి గుంజుతాంది. మీటరు పెట్టకుండా పట్టుకున్నోళ్లను నా సర్వీసులో చూడలేదు. అక్కా, సంగీతం నేర్చుకున్నారా?”

లేదన్నాను. తాలింపులో ఆవాలు ఎప్పుడు ఆగుతాయో, మేడ మీద ట్యాంకు ఎప్పుడు నిండుతుందో, అత్తగారి దగ్గు ఏది మందుకో ఏది కోపానికో చూడకుండా చెప్పగల చెవులివి. దీన్నెవరూ విద్య అనరు గనుక అతనికి చెప్పలేదు.

వైర్లు మార్చాడు. ఆమె వచ్చింది. ముందు అద్దం మీద, సరిగ్గా మధ్యలో, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా నిలబడింది. మా ఆయన కూడా ఆ చోటు వైపే చూశారు. గిద్దలూరు చేరేదాకా పాట ఆపలేదు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక, గిన్నెలు తోమకముందే, నేను తాళం తీసుకుని పక్క సందులో రేకుల కింద ఉన్న కారులో కూర్చోవడం మొదలుపెట్టాను. అరగంట. అంతకు మించితే బ్యాటరీ దిగిపోతుందని కొండలరావు చెప్పాడు. తలుపులు మూస్తే బయటి పిలుపులు నీళ్లకింద మాటల్లా అయిపోయేవి. ఒక్కో పాటలో ఒక్కో మనిషి దొరికేవాడు. మృదంగం మీద వేలు జారిన చప్పుడు. వేణువు వాయిస్తున్నవాడు గుటకేసిన చప్పుడు. ఇంతమంది, ఇన్నాళ్లూ!

వారం గడిచింది. ఇంట్లో రాద్ధాంతం అయింది. “ఇల్లు పెట్టుకొని కార్లో కూర్చుంటదేంది?” అన్నారు మా అత్తగారు రాఘవమ్మ. ఆవిడకు డెబ్బై ఆరు. ఆడది కూర్చుంటే లక్ష్మి లేచిపోతుందని నాకు నేర్పినావిడ ఆవిడే. “నలుగురూ ఏమనుకుంటారు?” అన్నారు మా ఆయన. నేను తాళం తీసుకుని వెళ్లడం మానలేదు.

ఎనిమిదో రోజు అత్తగారే ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో గోడ పట్టుకుంటూ వచ్చి అద్దం మీద కొట్టారు. ముఖం ఎర్రగా ఉంది. నేను దిగలేదు. వంగి అటువైపు తలుపు తీశాను.

“కూర్చోండి అత్తమ్మా. అరిసేదేదో లోపల కూర్చోని అరవండి. బయట ఎండ.”

కాళ్లు నొప్పులేమో, కూర్చున్నారు. తలుపు వేశాను. ఆవిడ వయసులో ఉన్నప్పటి పాట పెట్టాను, జోలపాట. ఆవిడ నోరు తెరిచారు. ఏదో అనబోయి ఆగిపోయారు. చేతికర్ర మోకాళ్ల మీంచి జారి కింద పడినా చూసుకోలేదు. పల్లవి అయింది. చరణం అయింది. రెండోదీ అయింది. ఆవిడ అద్దం మీద ఆ చోటును కన్నార్పకుండా చూస్తున్నారు. మళ్లీ గొంతు లేచినప్పుడు ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకున్నారు.

“భ్రమరా, దీనికి ఇంకో చరణం ఉందా?”

“ఉంది అత్తమ్మా.”

“నా పెళ్లైన ఏడు వచ్చిన పాటమ్మే ఇది. రెండు చరణాలే అనుకుంటాన్నా నేను.” చాలా మెల్లగా అన్నారు, “ఎప్పుడూ అంతలోపల ఎవురో ఒకరు పిలిచేటోళ్లు.”

ఆ చరణం నడుస్తుండగానే మా ఆయన దుకాణంలోంచి వచ్చి అద్దం మీద టకటకమని కొట్టారు. లోపల తల్లిని చూసి బిత్తరపోయారు. టీ, టీ అంటున్నారని పెదవుల్ని బట్టి తెలిసింది. నా చెయ్యి అలవాటు కొద్దీ తలుపు పిడి మీదికి వెళ్లింది. అత్తగారు దాని మీద తన చెయ్యి వేశారు.

“ఈ అద్దం దించేది ఎట్ల?”

బటన్ చూపించాను. నాలుగు వేళ్ల మేర దించి ఆవిడ కొడుకుతో అన్నారు.

“పాలు గిన్నెలో ఉండాయి. పొయ్యి వంటింట్లో ఉంది. పో నాయనా.”

అని, ఈసారి నన్ను అడక్కుండానే అద్దం పైకెత్తేశారు.