అరుపు లేని సీను

డబ్బింగ్ స్టూడియోలో ఆమెను అందరూ ఏడుపక్క అనేవారు. ఎగతాళికి కాదు, ముద్దుకే. తెర మీద ఏ అమ్మాయికి కష్టమొచ్చినా మైకు ముందు నిలబడి ఏడ్చేది ఆమే. నలభై దాటినా గొంతు మాత్రం ఇరవై దగ్గరే ఆగిపోయింది. "అక్క మైకు ముందుకొస్తే హీరోయిన్‌కి గ్లిజరిన్ దండగ," అనేవాడు సౌండింజనీరు. భర్త పోయాక ఆ గొంతు మీదే ఇల్లు నడిచింది. కూతురు డిగ్రీ రెండో ఏడుకొచ్చింది.

ఆ వారం ఆమెకు దొరికిన పని ఒక టీవీ సినిమా. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ భోంచేసి కూర్చున్నాక ఛానెల్ వాళ్లు వేసే బాపతు. కాలేజీలో చదివే పిల్లను తోటి విద్యార్థి బలాత్కరిస్తాడు. పిల్ల కోర్టుకెక్కుతుంది, గెలుస్తుంది, గంటన్నరలో లోకం బాగుపడిపోతుంది. ఇలాంటివి ఆమె ఎన్ని చేసిందో ఆమెకే గుర్తులేదు. ఖాళీ క్లాసులో అయినా, మేడ మీద అయినా ఆ ఘట్టంలో పిల్ల అరవాలి. ఆ అరుపు పెట్టడంలో ఆమెకు సాటి లేదని పేరు.

రికార్డింగు మర్నాడనగా, పొద్దున్నే వంటింట్లో ఫోనును పప్పుడబ్బాకు ఆనించి ఆ సీను చూస్తూ సాధన చేస్తోంది. కూతురు లోపలి గదిలో పడుకుని ఉంది. ఇంట్లో పిలుపు పండు. జ్వరమని హాస్టల్ నుంచి వచ్చింది. జ్వరం తగ్గింది గానీ తిరిగి వెళ్లే ఊసెత్తడం లేదు. గోడవైపు తిరిగి పడుకుంటుంది, పిలిస్తే ఊఁ అంటుంది, అంతే. రక్తం తక్కువైందేమో, పరీక్ష చేయించాలి అనుకుంటోంది తల్లి.

"అది ఆపమ్మా."

పండు గుమ్మంలో నిలబడి ఉంది.

"నిద్ర లేపేశానా? అయిపోయిందిలే. ఒక్కసారి చూసుకుని..."

"అలా అరవరు."

తల్లికి నవ్వొచ్చింది. "మరెలా అరుస్తారే? చెప్పు, ఈ వయసులో నేర్చుకుంటాను."

"అసలు అరవరు. గొంతు రాదు. పిచ్చి పిచ్చి ఆలోచనలొస్తాయి. కింద ల్యాబ్ రికార్డు పడి ఉంటుంది. వాడి మోకాలు దాని మీదుంటుంది. బొమ్మలన్నీ నలిగిపోతున్నాయే, మళ్లీ గీయాలే అనుకుంటాం." పండు గోడకు చేయి ఆన్చింది. "నేను అరవలేదు."

ఫోనులో ఆ అమ్మాయి ఇంకా పెనుగులాడుతోంది. తల్లి దాన్ని బోర్లించింది. ఎందరి బాధలకో మాటలు పలికిన మనిషి నోటికి తన బిడ్డ దగ్గర ఒక్క మంచి మాట దొరకలేదు. దొరికింది ఇదొక్కటే:

"ఎందుకు అరవలేదే?"

పండు ఆమె వంక ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.

ఆ మాట వెనక్కి తీసుకోవడానికి తల్లి పడని పాట్లు లేవు. తలుపు ముందు చతికిలబడి బతిమాలింది. తిట్టుకుంది. ఏడ్చింది, ఈసారి చప్పుడు లేకుండా. సాయంత్రానికి గడియ తీసి పండు కొంత చెప్పింది. సీనియరు. పాత నోట్సు ఇస్తానని లైబ్రరీ పైగదికి పిలిచాడు. అందరితో మర్యాదగా ఉంటాడని పేరున్నవాడు. పని ముగిశాక నోట్సు చేతిలో పెట్టి మరీ పంపాడు.

గొంతు పట్టేసిందని స్టూడియోకి కబురుపెట్టి, తల్లి కూతుర్ని తీసుకుని కాలేజీకి వెళ్లింది. కమిటీ అన్నారు. ముగ్గురు కూర్చున్నారు. పెద్దావిడ వృక్షశాస్త్రం మేడమ్. మంచినీళ్లు ఇప్పించింది, ఫ్యాను పెంచమంది. అందుకే తల్లికి కాస్త ఆశ పుట్టింది.

"అరిచావా అమ్మా?" అడిగింది మేడమ్.

"లేదండీ."

"కింద నలుగురున్నారు. పెద్దగా పిలిచినా పరిగెత్తుకొచ్చేవాళ్లు. పోనీ, కొరికావా, రక్కావా?"

పండు తల అడ్డంగా ఊపింది.

"కిందికొచ్చి లైబ్రరీ రిజిస్టరులో సంతకం కూడా పెట్టావు. చక్కగా, గీత దాటకుండా." మేడమ్ కళ్లజోడు తీసింది. "నిన్ను తప్పుపట్టడం లేదు తల్లీ. కానీ రోజూ టీవీలో చూస్తూనే ఉన్నాం కదా. అంత ఘోరం జరుగుతుంటే ఏ ఆడపిల్లయినా నోరు మూసుకుని ఉంటుందా?"

"ఆ టీవీలో అరిచేది నేనేనండీ," అంది తల్లి.

మేడమ్‌కు అర్థం కాలేదు. "ఏమన్నారు?"

"ఆ అరుపులు నావి. చల్లటి గదిలో, చేతిలో కాగితం పట్టుకుని అరుస్తాను. అయ్యాక టీ తాగుతాను. వాటిని పట్టుకుని నా బిడ్డను కొలవకండి."

మేడమ్ కళ్లజోడు పెట్టుకుని, ఆధారాలు చాలడం లేదని, ఇంకో కాలేజీకి మారతానంటే తాము అడ్డురామని చెప్పింది. వాళ్లు బయటికొస్తుంటే ఆ సీనియరు వరండాలో స్నేహితుల మధ్య నిలబడి, పండు తల్లిని చూసి మర్యాదగా పక్కకు జరిగి దారిచ్చాడు.

తల్లికి ఇక మిగిలింది ఒక్క మైకే. మర్నాడు స్టూడియోకి వెళ్లి డైరెక్టరును పట్టుకుంది. కుర్రవాడు, చెడ్డవాడేం కాదు.

"బాబూ, ఆ సీనులో అరుపు వద్దు. ఊపిరి ఒక్కటే ఇస్తాను. పిల్ల బిగుసుకుపోయిందని తెలిసేలా చేస్తాను."

"తెర మీద పిల్ల నోరు కదులుతోంది కదక్కా."

"మొహం మీది షాట్లు తగ్గించు. కింద పడ్డ పుస్తకాలు చూపించు."

"ఛానెల్ వాళ్లు నన్ను చంపుతారు. అరవకపోతే ఇష్టపడే ఉందనుకుంటారు జనం."

"అనుకుంటున్నారు బాబూ. అందుకే నీ కాళ్లావేళ్లా పడుతున్నాను."

ఆమె ముఖంలో ఏం చూశాడో, డైరెక్టరు సరేనన్నాడు. గదిలో దీపాలార్పించి ఆమె ఆ ఊపిరి పలికింది. మధ్యలో తెగి, మళ్లీ దొరకని ఊపిరి. అయ్యాక సౌండింజనీరు ఎప్పటిలా ఛలోక్తి విసరలేదు. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, బయటికి వెళ్లిపోయాడు.

ఆ రోజు ఇంటికొస్తూ ఆమె బస్సులోంచే మేడమ్‌కు ఫోను చేసింది. "ఆదివారం మా సినిమా చూడండి మేడమ్. చూశాక మా పిల్ల గురించి మళ్లీ ఒక్కసారి ఆలోచించండి. మీకు పుణ్యముంటుంది." చూస్తానని మాటిచ్చింది మేడమ్. మునిగిపోతున్నవాడికి చేతికేదో తగిలినట్టయింది తల్లికి. పండుకు కూడా చెప్పింది. పండు నమ్మలేదు, కాదనీ అనలేదు. ఆదివారం మాత్రం దుప్పటి కప్పుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

సీను వచ్చింది. హీరోయిన్ నోరు తెరిచింది. కేకకు గదంతా దద్దరిల్లింది. గొంతు ఆమెది కాదు. ఎవరో కొత్తమ్మాయిది. ఛానెల్ వాళ్లు ఒప్పుకోక శనివారమే పిలిపించి అతికించారట, ఆ సంగతి సౌండింజనీరు తర్వాత చెప్పాడు. ముందూ వెనకా మాటలన్నీ తల్లివే, ఆ కేక ఒక్కటే పరాయిది. చూసేవాళ్లలో ఆ తేడా వాళ్లిద్దరికి తప్ప మరెవరికీ తెలియదు.

తల్లి రిమోటు కోసం తడుముకుంటుంటే పండు లేచి లోపలికి వెళ్లిపోయింది. ఈసారి గడియ చప్పుడు కూడా వినబడలేదు.

సినిమా అయిన కాసేపటికి మేడమ్ ఫోను చేసింది. "చూశానమ్మా. కన్నీళ్లాగలేదు. పాపం ఆ పిల్ల, ఎంత పోరాడిందో కదా."

తల్లి ఫోను పెట్టేసింది. కూతురి గదిలోకి వెళ్లి మంచం పక్కన కింద కూర్చుంది.

"నాకింకేం చేతకావడం లేదు పండూ," అంది. "ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

పండు గోడవైపు నుంచి ఇటు తిరిగి అంది, "రేపు పోలీసులకు చెప్తాను. నమ్మకపోతే పోనీ. నువ్వు మాత్రం మధ్యలో మాట్లాడకు."

స్టేషన్లో ఆడ ఎస్సై పండును ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. తల్లిని బయట బెంచీ మీద కూర్చోమన్నారు. తలుపు వేశారు. లోపలి మాటలేవీ బయటికి రావడం లేదు. వచ్చేపోయే మనుషుల మధ్య ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, పండు పుట్టినప్పుడు ఆస్పత్రి వరండాలో తన తల్లి కూర్చున్నట్టు కూర్చుంది.

ఎండ బెంచీ దాకా పాకాక పండు బయటికొచ్చింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"కేసు రాశారు. రేపు ఇంకో ఆఫీసరొస్తారట. మళ్లీ మొదట్నుంచీ చెప్పాలి."

చెప్తావా అని అడగబోయి తల్లి ఊరుకుంది. ఇద్దరూ బస్టాపు వైపు నడిచారు. పండు రెండడుగులు ముందే నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు, కానీ తల్లి అందుకునేంత నెమ్మదిగా నడిచింది.