చేదు గది గడప

ఈ ఉదయం నుంచి మా తోటలో బిళ్ళగన్నేరు చేదుగా లేదు. మొదటి మడిలో ఆకు కొరుకుతాను, అరటిపండులా తగులుతుంది. ఏడో మడిలోనూ అంతే. మందుమొక్కల నర్సరీలో నాలుకతో చేదు చూసి కోతకు సరేననడం నా ఉద్యోగం. పన్నెండేళ్ళలో నా నాలుక ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఆ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉంది.

ఆ చేదులోంచి తీసిన క్యాన్సర్ మందు చుక్కలే ఆసుపత్రిలో ఉన్న మా చెల్లెలు హైమ రక్తంలోకి ఎక్కుతున్నాయి. ఇంకా నాలుగు సీసాలు ఎక్కితే ఇంటికి పంపిస్తానని డాక్టరమ్మ చెప్పింది. చేదు లేకపోతే సీసాలు లేవు. సీసాలు లేకపోతే హైమ లేదు.

సంగతేమిటో చూద్దామని తొడిమ దగ్గర చెప్పులు విడిచి ఆకులోకి దిగుతాను. నడిమి ఈనె పెద్ద వసారా. నేను నడిచేకొద్దీ సాగుతుంది. రెండు పక్కలా గదులు. ప్రతి తలుపు మీదా అవే నాలుగు జన్యు అక్షరాలు, అటూ ఇటూ మార్చి రాసి ఉన్నాయి. పనివాళ్ళు గడప దాటి లోపలికి వెళితే ఆ గదిలో సరుకు తయారవుతుంది, వెళ్ళకపోతే లేదు. రంగు గదిలో పని జోరుగా సాగుతోంది. చేదు గది ముందు మాత్రం అందరూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. గడప మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

హైమ. ఆసుపత్రి గౌనులోనే ఉంది. చేతికి సూది అలాగే ఉంది.

మా ఇంట్లో గడప మీద ఎవరూ కూర్చోరు. చిన్నప్పుడు కూర్చుంటే అమ్మ తొడపాశం పెట్టేది.

"లెగవే," అంటాను.

"గడప మీద కూచుంటే లోపలికి రావాల్సింది రాదని అమ్మే కదా చెప్పింది. అందుకే కూచున్నాను."

ఆ మందు తెచ్చే వాంతులు తట్టుకోవడం ఇక తనవల్ల కాదట. నాతో చెబితే ఒప్పుకోనట. రెండో సీసా నుంచీ ఈ గది కోసం వెతుకుతోందట. నాకు ఒళ్ళు మండిపోతుంది. నిన్న నేను తల నిమురుతుంటే, ఏ ఈనె ఎటు పోతుందక్కా అని అడిగింది. ఊసుపోక అడుగుతోందనుకుని మలుపులతో సహా చెప్పాను. నా చేతే దారి చెప్పించుకుంది.

రెక్క పట్టుకుని లాగుతాను, కదలదు. ఆమెను దాటుకుని లోపలికి వెళ్ళమని పనివాళ్ళను బతిమాలుతాను.

"మనిషిని దాటకూడదండి," అంటాడు వాళ్ళలో పెద్దాయన. "దాటితే ఆవిడ ఎదగరండి."

ఇక ఒక్కటే మార్గం. గొంగళిపురుగు కొరికితే మొక్క భయపడి చేదు గదిని వెనకనుంచి తానే తెరుస్తుంది. నేను గోడకు నోరు ఆనిస్తాను. గోడ నన్ను గుర్తుపట్టి ప్రేమగా దగ్గరికి జరుగుతుంది. పన్నెండేళ్ళు నీళ్ళు పోసిన చేతులు నావే. నాకు ఏడుపొస్తుంది. అయినా కొరుకుతాను.

వసారా అంతా ఒక్కసారి ముడుచుకుంటుంది. గడప హైమ కిందనుంచి జారిపోతుంది. చేదు మా మోకాళ్ళ దాకా లేచి, సూదిలోంచి ఆమె చేతిలోకి ఎక్కుతుంది. ఆమె బుగ్గలకు రంగు వస్తుంది.

"ఈ చేదు నాకోసం పుట్టింది కాదక్కా," అంటుంది హైమ. "నీ మీద పుట్టింది."

చాలు, ఆపుదామనుకుంటాను. నోరు ఆగదు. నా పక్కల్లోంచి కాళ్ళు వస్తున్నాయి, ఆరు, పది, పదహారు. హైమ గుండు మీద బిళ్ళగన్నేరు పూలు ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. విచ్చుకున్న ప్రతి పువ్వూ నన్ను ఒకసారి చూసి మొహం తిప్పుకుంటుంది.