వంక అవతలి వాన

ఆ ఆదివారం మ్యాచ్ ఆడే ఓపిక ఈరప్పకు ఏ కోశానా లేదు. వారమంతా కరువు పనిలో రోడ్డుకు కంకర కొట్టిన చేతులు, బ్యాటు పట్టుకుంటే భగ్గుమంటున్నాయి. అయినా కెప్టెన్ రాకపోతే బాగుండదని వచ్చి నిలబడ్డాడు. పదకొండు మందిని పోగుచేయడమే గగనమైపోయింది. ఆట వచ్చినవాళ్ళంతా బెంగుళూరులో మట్టి మోయడానికి పోయారు. ఊళ్ళో ఉన్నవాళ్ళకు రోజూ సర్కారు పోసే కరువు గంజే దిక్కు. మిగిలినవాళ్ళలో వెంకటప్పకు చూపు ఆనదు, ఇంకొకడికి మోకాలు వంగదు. మోకాలు వంగనివాడిని తెచ్చి వికెట్ల వెనక నిలబెట్టారంటే ఇక ఆ జట్టు సంగతి చెప్పేదేముంది!

నల్లగుట్లపల్లి క్రికెట్ క్లబ్బు అని పేరు మాత్రం ఘనంగా ఉంటుంది. ఆస్తి అంటే కింద పరిచే కొబ్బరినార చాప, అతుకులు పడిన రెండు బ్యాట్లు, ఒంటికాలికి కట్టుకునే ప్యాడ్లు. బడికి వచ్చిన కొత్తలో శామ్యూల్ మాస్టరు నేర్పిన ఆట ఇది. అంపైరు కూడా ఆయనే. చర్చిలో ప్రార్థన ముగిశాక గానీ ఆయన రాడు కాబట్టి మ్యాచ్ ఎప్పుడూ మాడిపోయే ఎండలోనే మొదలవుతుంది.

మాస్టరు చెప్పిన రూళ్ళన్నీ జనం ఒప్పుకున్నారు. ఒక్క రూలు మాత్రం ఊళ్ళవాళ్ళే పెట్టుకున్నారు: ఎవరు ముందు గ్రౌండు వదిలిపోతే వాళ్ళు ఓడినట్టు. దానికి కారణం మన ఈరప్పే. ఒకసారి వంక అవతలి చౌడంపల్లి మీద ఆడుతుంటే, కాలికి బంతి తగిలిందని మాస్టరు ఔటిచ్చాడు. ఈరప్ప అలిగి, జట్టునంతా వెంటబెట్టుకుని ఇంటికి పోయాడు. చౌడంపల్లివాళ్ళు వీళ్ళ కోసం పొద్దుగూకేదాకా గ్రౌండులోనే కూర్చున్నారు పాపం. ఆ తర్వాత చౌడంపల్లి మీద గెలిచిందే లేదు. ఈ రోజూ వాళ్ళతోనే మ్యాచ్.

కానీ ఈరప్ప మనసు బంతి మీద లేదు, మబ్బు మీద ఉంది. ఇంట్లో చెనిక్కాయ విత్తనం ఒలిచి పెట్టి ఉంది. కిందటి వారం ఈశాన్యాన ఒక మబ్బు కమ్ముకుంటే, ఇక వాన తప్పదనుకుని, తనూ భార్య తిమ్మమ్మా కూర్చుని వేళ్ళు బొబ్బలెక్కేలా కాయలన్నీ ఒలిచేశారు. మబ్బు గాలికి చెదిరిపోయింది. తొక్కలో ఉన్నంతకాలం గింజకు ఢోకా లేదు. ఒలిచాక ఈ వేడికి నూనె కారి, పురుగు పట్టి, మొలిచే గుణం పోతుంది. తొందరపడ్డామని ఇద్దరికీ తెలుసు. ఆ మాట ఒకరితో ఒకరు అనుకోలేదు. ఈ నాలుగు రోజుల్లో వాన పడితే ఆ గింజలు చేలో పడతాయి, లేదంటే వేయించుకు తినడమే. విత్తే అదను దాటకుండా మిగిలిన పుష్యమి కార్తె కూడా అయిపోవస్తోంది. ఇవి పోతే మళ్ళీ విత్తనం పుట్టే దారి లేదు.

ఆట చివరికొచ్చింది. ఈరప్పకు తోడు ఇక వెంకటప్ప ఒక్కడే మిగిలాడు. ఇంకాసేపు నిలబడితే గెలిచే మ్యాచే. బంతి వేస్తున్నవాడు చౌడంపల్లి కెప్టెన్ ఓబుళేసు.

"ఏమప్పా ఈరప్పా, బంతిని చూడకుండా ఆకాశంలో ఏం ఎతుకుతాండావు?" అని ఎగతాళి చేశాడు.

"నువ్వు ఏయప్పా. నా సంగతి నీకెందుకు?" అన్నాడు ఈరప్ప.

అప్పుడే గాలి మారింది. ఎన్నాళ్ళుగానో ఎరగని తడిమట్టి వాసన ముక్కుకు తగిలింది. పరుగెత్తుకొస్తున్న ఓబుళేసు సగంలో ఆగిపోయాడు. బంతి చేతిలోనే ఉంది. చూపు మాత్రం ఈరప్ప తల మీదుగా ఎక్కడికో పోయింది. ఈరప్ప వెనక్కి తిరిగి చూశాడు. వంక అవతల, చౌడంపల్లి మీద, ఆకాశం నుంచి నేలదాకా నల్లగా వాన దిగుతోంది.

"మా ఊరి మీద పడతాండాది," అన్నాడు ఓబుళేసు. మరుక్షణం, "రేయ్, వానరా! రాండ్రా!" అని కేక పెట్టాడు.

వానొస్తే జనం చెట్టు కిందికో చూరు కిందికో పరుగెత్తుతారు. వీళ్ళు వానలోకే పరుగెత్తారు. చేలో నీళ్ళు నిలవాలంటే తెగిన గట్లకు మట్టి వేసుకోవాలి, తెల్లారేసరికి ఎద్దుల్నీ విత్తనం వేసే గొర్రునూ సిద్ధం చేసుకోవాలి.

"ఆగండయ్యా! వానకు ఆట ఆగితే డ్రా అవుతుంది. అందరూ ఒప్పుకుని పోతే సరిపోతుంది, ఆగండి!" అని మాస్టరు అరిచాడు.

"ఓడినాంలే సార్, రాసుకోండి!" అంటూ ఓబుళేసు బంతిని వెనక్కి విసిరేసి వంకలోకి దూకాడు. ఓడినవాడు అంత సంతోషంగా అరవగా ఈరప్ప ఎన్నడూ వినలేదు.

నల్లగుట్లపల్లి జట్టు ఒక్కసారి హోయ్ మంది. తర్వాత అందరూ మొహాలు పైకెత్తి నిలబడ్డారు.

"వంక దాటేదానికి ఎంతసేపు, వచ్చేస్తాది," అన్నాడు వెంకటప్ప.

వచ్చినట్టే వచ్చింది. చాప మీద నాలుగు పెద్ద చినుకులు టపటపమని పడ్డాయి. ఎవరో దోసిలి పట్టారు. అంతే, గాలి మళ్ళీ తిరిగింది. మబ్బు వంక దాటకుండా అవతలి గట్టు వెంటే దక్షిణంగా సాగిపోయింది. ఎండ, ఏమీ ఎరగనట్టు, మళ్ళీ కాసింది.

"గెలిచినాం గదన్నా," అన్నాడు వెంకటప్ప, చాప చుడుతూ. ఈరప్పకు ఆ వాన మీద, ఓబుళేసు మీద, ఓబుళేసు నవ్వు మీద పచ్చి అసూయ పుట్టింది. అది తప్పని కూడా అనిపించలేదు.

దీపాలు పెట్టే వేళకు ఓబుళేసు ఈరప్ప ఇంటికి వచ్చాడు. మోకాళ్ళదాకా బురద. గుమ్మం ఎక్కకుండా వాకిట్లోనే నిలబడిపోయాడు.

"కూచోప్పా," అంది తిమ్మమ్మ.

"వద్దులేక్కా." ఈరప్ప వైపు తిరిగాడు. మధ్యాహ్నపు ఎగతాళి ఎటో పోయింది. "అన్నా, చేను బాగా నానింది. పొద్దున్నే గొర్రు కట్టొచ్చు. నాకాడ గింజ లేదన్నా. పిల్లోళ్ళు ఆకలికి తాళలేకుంటే పోయిన నెల ఏంచి పెట్టేస్తిమి. మా ఊర్లో ఎవురినడిగినా అదే మాట. నువ్వు గింజ ఒలిచి పెట్టినావంట గదా. అవి నా చేన్లో ఎయ్యి. పంటలో సగం నీది."

ఈరప్ప చివాలున లేచాడు. "వాన నీకే ఇచ్చినాడు దేవుడు. గింజ గూడా నేనే ఇయ్యల్లనా? రేపు ఈడ పడితే నా చేన్లో ఏమేసుకోవల్ల?"

ఓబుళేసు తలొంచుకున్నాడు. అక్కడి నుంచి పోలేదు. వాడు ఎదురు మాట అని ఉంటే ఈరప్పకు తేలికగా ఉండేది.

తిమ్మమ్మ లోపలికి పోయి గుప్పెడు గింజలు తెచ్చి మొగుడి అరచేతిలో పోసింది. "వాసన చూడు."

చూశాడు. ఎక్కడో సన్నగా మక్కిన నూనె వాసన మొదలైంది.

"ఇంగో వారమైతే ఇవి మొలిచేవి గావు. మన చేన్లోనే మొలవల్లంటే యాడ కుదుర్తాది? మొలిస్తే చాలు," అంది.

ఈరప్ప ఆ గింజల్ని ఒక్కటీ జారనివ్వకుండా తిరిగి ఆమె దోసిట్లో పోశాడు. "పొద్దున్నే వస్తాం పో," అన్నాడు ఓబుళేసుతో. "గొర్రు నేనే తోల్తా. గింజలు తిమ్మమ్మే ఏస్తాది. ఇంగొకరి చేతికి ఇయ్యను."

తెల్లారుతూనే కంకర పని ఎగ్గొట్టి, చెరొక మూట నెత్తిన పెట్టుకుని వంక దాటారు. ఇటు గట్టు మీద కాలి కింద దుమ్ము లేస్తుంటే, అటు గట్టు ఎక్కగానే మడమ మెత్తగా దిగబడింది. ఆ తడి కాలికి తగలగానే ఈరప్పకు ఒళ్ళంతా హాయనిపించింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. గొర్రు కట్టిన ఓబుళేసు ఎద్దుల్ని గట్టిగా అదిలించి దాన్ని మింగేశాడు. వెనకాల తిమ్మమ్మ గింజ వెంట గింజ వేస్తూ నడిచింది. ఒక్కటీ పక్కన పడనివ్వలేదు. సొంత చేలో కూడా అంత జాగ్రత్తగా ఏనాడూ వేయలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి మూటలు ఖాళీ అయ్యాయి. రెండు ముద్దలు సంగటి తిని పొమ్మని ఓబుళేసు భార్య బతిమాలింది గానీ, వాళ్ళింట్లో ఉన్నదెంతో తిమ్మమ్మకు తెలుసు. ఆకలిగా లేదని చెప్పి బయల్దేరారు.

తిరిగివచ్చే దారిలోనే తమ చేను. ఈరప్ప అటు చూడకుండా నడిచిపోతున్నాడు. కొంతదూరం పోయాక వెనక అడుగుల చప్పుడు లేదని తిరిగి చూస్తే, తిమ్మమ్మ చేలోకి దిగి నిలబడి ఉంది. కొంగుముడి విప్పుతోంది. అందులో పిడికెడు గింజలు.

"చేను గొడ్డుగా పెట్టగూడదని మా అమ్మ అంటాన్యింది," అంది, తప్పు చేసి దొరికిపోయినదానిలా.

తడి లేని ఆ మట్టిలో వేస్తే అవి మొలవవని ఈరప్పకు తెలుసు. చీమలపాలవుతాయి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఇంకో రోజైతే గట్టిగా కసురుకునేవాడే. ఇవాళ తనూ చేలోకి దిగి, మడమతో నేలను గీసుకుంటూ పోయాడు. ఎండిన మట్టి లోతుగా తెగలేదు. తిమ్మమ్మ వంగి ఒక్కొక్క గింజా ఆ గీతలో పెట్టింది. అతను తిరిగొస్తూ పాదంతో మట్టి కప్పాడు.

"పా, పోదాం," అంది తిమ్మమ్మ, కొంగు దులుపుకుంటూ. "కరువు గంజి పోసే పొద్దయింది."