పసుపు కాగితం

రెండో తరగతి జాబితాలో పదహారో పేరు పిలిస్తే ఎవరూ రాలేదు. పళ్ల డాక్టరమ్మ చిన్న అద్దం చేత్తో పట్టుకుని తలుపు వైపు చూసింది. పక్కన కార్డులు రాస్తున్న నర్సు ఆ పేరు మళ్లీ పిలిచింది.

పొద్దుట్నుంచీ పని సరదాగానే సాగింది. పళ్లు చూపించమంటే నాలుక చాపేవాళ్లు, నాలుక లోపలికి పెట్టమంటే కళ్లు గట్టిగా మూసుకునేవాళ్లు.

"ఆ పిల్ల బడికి రావడం లేదండీ," అంది టీచరు గొంతు తగ్గించి. "మేం పిచ్చుకా అని పిలిచేవాళ్లం, అంత వాగుడు. మూడు నెలల కిందట పంటి చీము మెడలోకి దిగింది. ఊపిరాడకపోతే ఆసుపత్రిలో గొంతు దగ్గర కోసి గొట్టం వేశారు. బతికి బయటపడిందిలెండి. మాటే సరిగ్గా రావడం లేదు."

డాక్టరమ్మ చేతిలోని అద్దం పక్కన పెట్టింది. నిరుటి కార్డు తీయించి చూసింది. కింద ఎడమ దవడపన్ను, పుచ్చు, పసుపు. పసుపు కాగితమంటే తొందర లేదు, వచ్చే ఏడు తనిఖీలో చూస్తామని. ఎర్ర కాగితమంటే వెంటనే ఆసుపత్రికి.

కార్డు చూడకపోయినా ఆమెకు గుర్తొచ్చేదే. నిరుడు ఆ సాయంత్రానికి తొంభై మంది అయ్యారు. నడుము పడిపోతోంది. బయట వ్యాను డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. పిల్ల నోరు తెరిచి కూడా ఏదో చెబుతూనే ఉంది. నల్లబడిన పన్ను పక్కన, చిగురు మీద కందిగింజంత బొడిపె కనిపించింది. అది చీముగడ్డో, ఇరుక్కున్న తిండో దూదితో ఒత్తి చూస్తే తేలిపోయేది. ఎర్ర కాగితమంటే ఇంటికి ఫోను చేయాలి, ఆసుపత్రికి ఉత్తరం రాయాలి, ఇంకో అరగంట కూర్చోవాలి.

"పసుపు," అంది. నర్సు ఒకసారి తలెత్తి చూసి, రాసుకుంది.

ఇవాళ తనిఖీ ముగిశాక డాక్టరమ్మ టీచరును అడిగి ఇంటి గుర్తులు తెలుసుకుంది. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో పిల్ల తండ్రి కుట్టుమిషను మీద పని చేసుకుంటున్నాడు. ఆమె ఎవరో చెప్పగానే గబగబా లేచి, స్టూలు మీది గుడ్డముక్కలు తీసి కూర్చోమన్నాడు. పిల్ల గోడకానుకుని గుండీలు రంగుల వారీగా వేరు చేస్తోంది. మెడ ముందు గులాబిరంగు గీత. డాక్టరమ్మను చూసి మళ్లీ తల దించుకుంది.

"నాదే పొరపాటు మేడమ్," అన్నాడు తండ్రి, ఆమె అడక్కుండానే. "నొప్పి నాన్నా అని ఏడ్చింది. మీ పసుపు కాగితం చూసి, తొందర లేదన్నారు కదే, మళ్లీ డాక్టరమ్మ వస్తుందిలే అన్నాను. లవంగం పెట్టాం. వాళ్లమ్మ అప్పుడే తీసుకెళ్దామంది. నేనే వద్దన్నాను. అప్పట్నుంచి ఆవిడ నాతో మాట్లాడదు. అన్నం పెట్టేసి వెళ్లిపోతుంది."

డాక్టరమ్మ పిల్ల మెడ వైపు చూసింది. ఈ మనిషి మూడు నెలలుగా నెత్తిన మోస్తున్నది తన తప్పు బరువు.

"పొరపాటు మీది కాదు," అంది. "ఎర్ర కాగితం ఇవ్వాల్సింది. నాకు అనుమానం వచ్చింది. వచ్చినా సరిగ్గా చూడలేదు. ఇంటికెళ్లాలన్న తొందరలో పసుపు రాయించాను."

అతను మళ్లీ మిషను ముందు కూర్చున్నాడు. కోప్పడతాడేమోనని డాక్టరమ్మ ఎదురుచూసింది. అతను మిషను చక్రం మీద చెయ్యి ఆనించి, "ఆవిడ ఆరింటికి వస్తుంది," అన్నాడు. "ఈ మాట ఆవిడక్కూడా చెప్తారా?"

ఆమె అక్కడే కూర్చుంది. అతను మళ్లీ కుట్టడం మొదలుపెట్టలేదు. పిల్ల గుండీలు లెక్కపెడుతుంటే పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు.

లాండ్రీలో పని ముగించుకుని తల్లి వచ్చింది. వేడినీళ్లలో నాని ఆమె వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. డాక్టరమ్మ నిలబడి, మొదట్నుంచీ పొల్లుపోకుండా చెప్పింది. బొడిపె సంగతి, హారన్ సంగతి కూడా దాచలేదు.

"ఎంతసేపు పట్టేది?" అని అడిగింది తల్లి.

"అరగంట."

తల్లి తల ఊపింది. "అది ఆసుపత్రిలో పదకొండు రోజులుంది," అంది.

తప్పైపోయిందని అనబోయి, ఆ మాట ఆ గదిలో ఎంత చిన్నగా వినిపిస్తుందో తోచి, డాక్టరమ్మ ఊరుకుంది. పిల్ల నోట్లో మిగతా పళ్లు కూడా చూడాల్సిన అవసరముందని మాత్రం మెల్లగా చెప్పింది.

"మీరొద్దు," అంది తల్లి. గొంతు పెంచలేదు. "వేరే డాక్టరుకి రాసివ్వండి."

డాక్టరమ్మ సంచిలోంచి ఎర్ర కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని రాసింది. తను చేసిన తప్పు కూడా అందులో రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. దాని నకలు రేపు పై అధికారికి పంపుతానంది. తల్లి కాగితం తీసుకుని, చదవకుండానే మడిచింది.

డాక్టరమ్మ చెప్పులు వేసుకుంటుంటే లోపల్నుంచి తల్లి గొంతు వినిపించింది. భర్తతోనే అంటోంది. "రేపు పొద్దున్నే వెళ్లాలి. మిషను ఎత్తిపెట్టు."

"సరే," అన్నాడతను.

పిల్ల గుమ్మం దాకా వచ్చి నిలబడింది. డాక్టరమ్మ "వెళ్లొస్తానమ్మా," అంది. పిల్ల బదులు చెప్పలేదు. చెప్పలేకో, చెప్పాలనిపించకో ఆమెకు తెలియలేదు. రెయిలింగు పట్టుకుని, ఒక్కో మెట్టే దిగింది.