యాభై గజాల లోపల

అయినా విల్లుతో కొడితే వేట, రివాల్వర్‌తో కొడితే కసాయితనమా, ఇన్నేళ్ళూ ఆ మాట అన్నది ఇంకెవరో కాదు, తనే, వెర్నా హాగెనే, ఈ మోంటానా కొండల్లోకి పిస్తోలు కట్టుకుని వచ్చిన ప్రతివాణ్ణీ సినిమా వేషగాడని ఎగతాళి చేసింది, ఇప్పుడు అరవై ఒకటో ఏట నోరు మూసుకుని మంచులో బోర్లా పడుకుంది, చేతుల్లో తమ్ముడు ఆరిన్ ఇచ్చిన రివాల్వర్, ఎదురుగా పైన్ చెట్ల అంచున ఎల్క్, పెద్ద ఆడ దుప్పి, కాలితో మంచు గీకి గడ్డి మేస్తోంది, ఎంత దూరం, ఎనభై గజాలుంటుందా, ఏం అక్కా, విల్లుకి విడాకులిచ్చేశావా అని ఆరిన్ పొద్దున్నే మొదలెట్టాడు, ఇవ్వక ఏం చెయ్యనురా, గుర్రం పడేసిన భుజం ఇది, దువ్వెన పైకెత్తితేనే ప్రాణం తీస్తోంది, వింటినారి లాగనిస్తుందా.

నిరుడే లాగనివ్వలేదు, ఆ సంగతి భుజానికీ తనకీ తప్ప ఎవరికీ తెలీదు, ప్రతి ఆగస్టులో ఆరిన్ పెరట్లో గడ్డిమోపుకి కాగితం పళ్ళెం గుచ్చుతారు, ఎంత దూరం నుంచి కొడితే అన్నీ పళ్ళెంలోనే పడతాయో అదే ఆ ఏడు నీ దూరం, కొట్టం తలుపు మీద పేరు పక్కన సుద్దతో రాసుకోవాలి, అడవిలో అంతకు మించి కొట్టకూడదు, నాన్న పెట్టిన నియమం, నిరుడు మాత్రం మీరెవరూ లేవకముందే కొట్టేశానర్రా అంటూ తనే ముప్ఫై అని రాసేసింది, ఒక్క బాణం వేస్తే ఒట్టు, నారి సగం లాగేసరికే చెయ్యి వణికింది, అయినా వెర్నా అంకెని ఎవరు అడుగుతారు, ఎవరూ అడగలేదు, సెప్టెంబర్లో సరిగ్గా ముప్ఫై గజాల్లో మగ దుప్పి, అదే వణుకు, బాణం పొట్టలో దిగింది, రెండు రోజులు వెతికింది, మూడో రోజు కాకులు చూపించాయి, చలికాలమంతా తినాల్సిన మాంసం కుళ్ళి కంపు కొడుతోంది, కొమ్మ తగిలి బాణం పక్కకి పోయిందిరా అంటే, పోనీలే అక్కా, అడవన్నాక కొమ్మలుండవూ అన్నాడు ఆరిన్, ఆ మంచి మాటే ఏడాదిగా ముల్లులా గుచ్చుకుంటోంది.

ఈ ఆగస్టులో అందరి ముందూ నిలబడి కొట్టింది, యాభై గజాల్లో ఆరు తూటాలూ పళ్ళెంలోనే పడ్డాయి, అరవైలో రెండు బయటికి పోయాయి, అంటే ఈ ఏడు తన దూరం యాభై, ఇప్పుడు ఎనభై, తూటా అక్కడిదాకా పోతుంది, బాణమైతే పోదు, అదే దీంతో చిక్కు, విల్లు పెట్టని ఆశ ఇది పెడుతుంది, కొట్టేస్తే ఎవరు కొలిచి చూస్తారు, నిరుడూ ఎవరూ చూడలేదు, ఛీ, బూట్లు విప్పేసింది, బాణం పట్టిన రోజుల అలవాటు, మేజోళ్ళతో నడిస్తే చప్పుడుండదు, గాలి మొహానికే కొడుతోంది, మంచిదే, దుప్పి తల దించితే నాలుగడుగులు, ఎత్తితే కొయ్యబొమ్మ, పాదాలు మొద్దుబారాయి, డెబ్భై, అరవై, దాని ముక్కులోంచి ఆవిరి, నలభై ఐదు, తడిసిన బొచ్చు వాసన, అరె, ఈ వాసన విల్లుతో పాటే పోయిందనుకుంది, ఎక్కడికీ పోలేదు, దగ్గరికి వచ్చినవాళ్ళకి దొరుకుతూనే ఉంది.

మణికట్టు చెట్టుకి ఆనించింది, చెయ్యి నిలకడగా ఉంది, పేలింది, కొండంతా మోగింది, దుప్పి పది అడుగులు పరుగెత్తి మోకాళ్ళ మీద కూలింది, ఇక లేవలేదు, మెడ మీద చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది, ఏడుపొచ్చింది, సంతోషమూ వేసింది, కింద నుంచి ఆరిన్ రొప్పుతూ వస్తున్నాడు, ఏం అక్కా పడిందా, పడిందిరా, బూట్లేవి, వేళ్ళు ఊడి చేతికొస్తాయి కదక్కా, నవ్వుతున్నాడు, చెప్పేయాలి, దుప్పిని కొయ్యడానికి కత్తి తియ్యకముందే చెప్పాలి, నిరుడు కొమ్మా లేదు గిమ్మా లేదురా, ఆ ముప్ఫై నేను రాసిన అబద్ధం, తిడతాడు, తిట్టనీ, తిట్టి తిట్టి చివరికి మాంసం మొయ్యడానికి వాడే భుజం పడతాడు, ఏడాదంతా విల్లుని తిట్టింది, గుర్రాన్ని తిట్టింది, ముసలితనాన్ని తిట్టింది, తప్పు వాటిదే అయితే తను చెయ్యగలిగేదేమీ లేదు, కానీ తప్పు తనది, తనదైతే దిద్దుకోవచ్చు.