పాత రేవు మూసిన మధ్యాహ్నం

ఆఫీసులో అందరూ ఆమెను పెద్దమ్మ అనే పిలుస్తారు. అది వయసు తెచ్చిన పేరు కాదు, ఆటలోంచి వచ్చింది. ఆమె నడిపే ఆన్‌లైన్ ఆటలో ఒక ఊరుంది, ఆ ఊరికో రేవుంది. ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్లలోంచి, కంప్యూటర్లలోంచి అక్కడికొచ్చి పడవలు కట్టుకుంటారు, చేపలు పడతారు, పోట్లాడుకుని మళ్లీ కలిసిపోతారు. తొలిరోజుల్లో సర్వరు పడిపోయి లేచినప్పుడల్లా, ఈమె తెల్లజుట్టు ముసలమ్మ వేషంలో రేవు మెట్ల మీదికొచ్చి, "తప్పు మాదే నాయనా, కోప్పడకండి" అని ఆటగాళ్లను బుజ్జగించేది. నిజానికి అప్పటికామె చదువు ముగించి ఎంతో కాలం కాలేదు.

ఆటను మొదలుపెట్టింది ఆమే, ఆమె తమ్ముడూ. ప్రింటింగ్ ప్రెస్సు మీద మేడగదిలో మకాం. కింద యంత్రం తిరిగితే పైన టేబుళ్లు వణికేవి, టీ గ్లాసులు వాటంతటవే అంచుదాకా నడిచొచ్చేవి. బొమ్మలూ మాటలూ ఆమెవి, కోడూ సర్వరూ తమ్ముడివి. గది వేడెక్కితే సర్వరు మొరాయించేది. ఉన్న ఒక్క ఫ్యానూ దానివైపు తిప్పి, తను చెమటలు కక్కుతూ కూర్చునేవాడు తమ్ముడు. "రేపు నీ పెళ్లాన్ని ఇందులో సగం చూసుకున్నా చాలురా" అని ఆమె నవ్వేది.

తరవాత ఒక పెద్ద కంపెనీ ఆటను కొంటానంది. అమ్మకపోతే ఆట బతకదని అక్క, అమ్మితే మనది కాకుండా పోతుందని తమ్ముడు. మాటా మాటా పెరిగింది. చివరికి ఆటను అమ్మేశారు. అక్క ఆటతోపాటే వెళ్లింది. తమ్ముడు ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునే పనిలో కుదిరాడు. రాకపోకలు మానలేదు. పిల్లల పుట్టినరోజులకు కలిసేవారు, మరదలు వదినను నాలుగు రోజులు ఉండిపొమ్మనేది. ఆట ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు.

ఈ మధ్య కొత్తగా వచ్చిన మేనేజరమ్మాయి ఒకరోజు కుర్చీ లాక్కుని పెద్దమ్మ పక్కన కూర్చుంది.

"పెద్దమ్మగారూ, చెప్పడానికి నాకూ మనసు రావట్లేదు. పాత రేవు తీసేయాలండీ."

"ఎందుకమ్మా? దాని మానాన అది ఉందిగా!"

"ఉండట్లేదండీ. ఏ అప్‌డేట్ పెట్టినా అక్కడేదో విరుగుతోంది, దాంతో ఊరంతా ఆగిపోతోంది. ఆ కోడులో చెయ్యి పెట్టాలంటే మావాళ్లకి భయం."

అందులో అబద్ధమేమీ లేదు. పెద్దమ్మ ఆఫీసు మెట్ల దగ్గరికి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, నీతో పనిపడింది. ఆట గురించి."

"రేవేనా?" అన్నాడు.

"నీకెలా తెలుసురా?"

"మొన్నటి అప్‌డేట్ నుంచి పడవ దిగితే మెట్లలో కాలు ఇరుక్కుపోతోంది కదా. ఫిర్యాదు కూడా పెట్టా. చూస్తున్నాం అన్నారు, ఒక్కడూ చూడలేదు."

"నువ్వింకా ఆడుతున్నావా?"

"మానేస్తేగా!"

"ఏ పేరుతో?"

తటపటాయించాడు. "చిల్లుపడవ."

ఆమె మెట్టు మీద కూలబడింది. చిల్లుపడవ అంటే తెలియనివాళ్లు ఆఫీసులో లేరు. ఏ మార్పు చేసినా మొట్టమొదటి ఫిర్యాదు అతనిదే. అలలు గోడలోంచి వస్తున్నాయంటాడు, కొంగ గాలిలో నిలబడిందంటాడు. ఈయనకి ఇంట్లో పనేమీ ఉండదా అని ఆమె ఎన్నిసార్లు విసుక్కుందో! ఓసారి ఒళ్లు మండి, అంత కష్టంగా ఉంటే వేరే ఆట ఆడుకోండి బాబూ అని జవాబు కూడా రాసింది.

"వేరే ఆట ఆడుకోమన్నది నువ్వేనా?" అన్నాడు తమ్ముడు.

"నేనేరా."

"అనుకున్నాలే, ఆ 'బాబూ' చూసి."

ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

రేవు తీసేస్తామంటున్నారని ఆమె చెప్పగానే, తమ్ముడు సెలవు పెట్టి ఆఫీసుకొచ్చాడు. తన పాత కోడు ముందు కూర్చున్నాడు. కుర్రకారు వెనకాల గుమిగూడి చూస్తున్నారు. వీడొచ్చాడు కదా, ఏదో దారి దొరక్కపోదని అక్క ఆశ. చివరికి కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"వద్దక్కా. నలుగురొస్తే గొప్పనుకుని కట్టిన గుడిసె ఇది. దీనిమీద ఇంత ఊరు ఇన్నాళ్లు నిలబడ్డమే ఎక్కువ. ఇంకా లాగితే ఊరే కూలిపోతుంది."

"నువ్వు కూడా తీసేయమనే అంటున్నావా?"

"నేనే తీస్తా. ఇంకెవరైనా తీస్తే నాకు కోపమొస్తుంది."

కొత్త రేవొకటి కట్టి, పాతదాన్ని ఆ ఆదివారం మధ్యాహ్నం మూస్తున్నట్టు ప్రకటించారు. పదిమంది వస్తే గొప్పనుకున్నారు. తీరా చూస్తే, ఆట మొహం చూసి ఏళ్లయినవాళ్లు కూడా పాత పడవలు వెతుక్కుని వచ్చేశారు. నీళ్లు కనబడనంతగా పడవలు. సర్వరు ఆయాసపడింది.

"కొంతమందిని బయటికి పంపేద్దామా?" అని అడిగింది మేనేజరమ్మాయి.

"మనుషుల్ని పంపొద్దమ్మా" అని తమ్ముడు, సర్వరు మీద బరువు తగ్గేలా అలలు ఆపేశాడు. తరవాత గాలి ఆపాడు, పక్షుల్ని తీసేశాడు, మబ్బుల్ని తీసేశాడు. బోసి ఆకాశం కింద మనుషులు మాత్రం మిగిలారు.

పెద్దమ్మ ముసలమ్మ వేషం వేసుకుని మెట్ల మీదికొచ్చింది.

"పెద్దమ్మా, ఈసారేం తప్పు చేశావు?" అని రాశాడొకడు.

"ఈసారి తప్పేం లేదు నాయనా. రేవు ముసలిదైపోయింది, అంతే."

అక్కణ్ణుంచి జ్ఞాపకాలు వరద కట్టాయి. తమ పడవలు గుద్దుకుని తిట్టుకున్న ఇద్దరు, ఇప్పుడు మొగుడూపెళ్లాలమని చెప్పారు. ఇంకొకామె రాసింది: "నాన్న ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఇక్కడొచ్చి కూర్చునేదాన్ని. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. పక్కన కూర్చుని చేపలు పట్టుకునేవారు."

"కానివ్వనా?" అన్నాడు తమ్ముడు. అక్క తలూపింది. మీట నొక్కాడు. ఆటగాళ్లందరూ ఒక్కసారిగా ఊరవతలి కొత్త రేవులో తేలారు. పాత మెట్లు లేవు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏడవకే. ఇంటికి పద, నీ మరదలు నీకోసం వండింది" అన్నాడు.

ఇద్దరూ బస్సెక్కారు. "కొత్త రేవు నీళ్లకి ఆ రంగేంటక్కా, సిరా కలిపినట్టు?" అని మొదలుపెట్టాడు. బొమ్మలవాళ్లు చెప్తే వినరని ఆమె, వినేట్టు చెప్పలేదని అతను. చేతులు తిప్పుకుంటూ, ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ, ఎప్పటికో ఇద్దరూ ఒకేసారి కిటికీలోంచి చూశారు. దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది.