తెర మీద కనిపించని చోటు

అక్క మింగలేకపోతోంది. ఉమ్మి కూడా దిగడం లేదు. నిన్న పిత్తాశయం తీసేశారు. పొట్ట మీది కుట్లు బాగానే ఉన్నాయి, గొంతే నిప్పుల కుంపటిలా ఉంది. గిన్నెలో ఉమ్మిన ప్రతిసారీ ఎర్రటి చార.

“మత్తిచ్చినప్పుడు ట్యూబు వేశారు కదమ్మా, గీరుకుంటుంది. ఉప్పునీళ్లు పుక్కిలించండి. సాయంత్రం ఇంటికెళ్లిపోవచ్చు” అంది నర్సు.

“మంచినీళ్లే దిగట్లేదు, ఉప్పునీళ్లట!” చెల్లెలు లేచింది. ఆమె బస్సు కండక్టరు. వెనక సీట్లో గుర్రుపెట్టేవాళ్లు సైతం ఆమె కేకకి ఉలిక్కిపడి టికెట్టు తీసుకుంటారు. డిపోలో అందరూ ‘కంచు’ అంటారు. అక్క అలవాటుగా ఆమె మోచెయ్యి గిల్లింది, నోరు తగ్గించమని.

కంచు తగ్గించలేదు. మత్తు డాక్టరు వచ్చేదాకా వరండా దద్దరిల్లింది.

ఆయన చేతిలో పలకలాంటి టాబ్లెట్ ఉంది. “కెమెరా పెట్టే ట్యూబు వేశామమ్మా. రికార్డింగు చూడండి.”

తెర మీద గొంతు లోపలి తెల్లటి స్వరతంత్రులు, వాటి మధ్య నుంచి సూదిలో దారంలా జారిపోయిన ట్యూబు. రక్తపు చుక్క లేదు. వెనకే వచ్చిన పెద్ద డాక్టరు కూడా తొంగిచూశాడు. “భేషుగ్గా ఉంది. ఏదీ, వీడియో మళ్లీ వెయ్యి.”

మళ్లీ వేశారు. కంచుకి ఒళ్లు మండిపోయింది.

“ఆ గొట్టం పెదాల దగ్గర్నుంచి అక్కడిదాకా ఎలా వచ్చింది సార్? ఆకాశంలోంచి ఊడిపడిందా?”

“కెమెరా ముందుకే చూస్తుందమ్మా. దారంతా కనపడదు.”

“మరి మీ కళ్లేం చేస్తున్నాయి? నిన్నట్నుంచి ఒక్కరైనా మా అక్క నోరు తెరిపించి చూశారా? బొమ్మని మాత్రం మళ్లీ మళ్లీ వేసుకుని మురిసిపోతున్నారు!”

కంచు ఫోను లైటు వెలిగించింది. అక్క కళ్ల నీళ్లతో నోరు తెరిచింది.

మత్తు డాక్టరు వంగి చూశాడు. కొండనాలుక పక్కన అంగిట్లో చిరుగు. వేలు దూరేంత కంత, అంచులు వాచి, నల్లబడి. ఆయన టాబ్లెట్ బోర్లా పెట్టేశాడు.

“ట్యూబు లోపల గట్టి తీగ ఉంటుంది” అన్నాడు నెమ్మదిగా. “కెమెరాకి కనిపించేదాకా నోట్లోకి చూస్తూ తొయ్యాలి. నేను తెర చూస్తూ తోశాను.”

“ఇవన్నీ నా గదిలో మాట్లాడుకుందాం” అన్నాడు పెద్ద డాక్టరు గబగబా. “ఏమ్మా, కాస్త గొంతు తగ్గించు. పక్కన పేషెంట్లున్నారు.”

“వాళ్లూ విననివ్వండి! చీము పట్టబోయే కంతతో మనిషిని ఇంటికి తోలేద్దామనుకున్నారు. ముందు గొంతు డాక్టర్ని పిలిపించండి. మీ గదీ, మీ మాటలూ తర్వాత.”

అక్క చెయ్యి పైకి లేచింది. ఇక గిల్లుతుందని కంచు మోచెయ్యి వెనక్కి లాక్కుంది.

అక్క గిల్లలేదు. మంచం ఇనప కమ్మీ మీద రెండుసార్లు గట్టిగా కొట్టింది, బస్సు పోనిమ్మని కండక్టరు కొట్టినట్టు.

కంచు ఊపిరి పీల్చుకుని, మళ్లీ గొంతెత్తింది.